పన్నెండు అంగలు

మా మాస్టారి అంగ సరిగ్గా గజం. ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఈ మాట ఆయన ఎన్నడూ చెప్పుకోలేదు, నేనే చెప్పుకునేవాణ్ణి. కువైట్‌లో, షువైఖ్‌లో ఉన్న మా కాలేజీకి కొత్తగా వచ్చిన ప్రతివాణ్ణీ పట్టుకుని, మా ఫుట్‌బాల్ కోచ్‌కి టేపు అక్కర్లేదు, కాలే టేపు అని గొప్పలు పోయేవాణ్ణి. ఏదో ఆ కాలు నాదైనట్టు.

నేను పుట్టి పెరిగింది రాజోలు దగ్గర. పద్నాలుగో ఏట తాపీ పట్టాను. కువైట్‌లో యుద్ధం అయిపోయిన మరుసటేడు, అక్కడ ఇళ్ళన్నీ కూలిపోయాయి, మేస్త్రీలకు బోలెడు పని అని చెప్పి ఏజెంటు నన్ను విమానం ఎక్కించాడు. దిగాక తెలిసింది, నన్ను తెప్పించుకున్నది క్లీనింగ్ కంపెనీ అని. చీపురు చేతికిచ్చి కాలేజీకి పంపారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మూడో రోజున గ్రౌండు ఊడవమన్నారు. ఇసక గ్రౌండుని ఊడవడమేమిటని అక్కడే నిలబడి కంపెనీవాణ్ణి నోటికొచ్చినట్టు తిడుతుంటే, వెనక నుంచి ఎవరో నవ్వారు.

"ఏమయ్యా, ఎవ్వలకూ తెలుగు తెల్వదని గింత గట్టిగ తిడ్తున్నవా?"

తిరిగి చూస్తే పొడుగాటి మనిషి. నల్ల ట్రాక్ ప్యాంటు, మెడలో ఈల. యాభై దగ్గర ఉంటాయి. నేను సిగ్గుతో చచ్చిపోయి, తాపీ మేస్త్రినండి, చీపురు పని చెప్పారండి అని గొణిగాను.

"మేస్త్రివా? అయితే గీత సక్కగ గీస్తవా?"

"ఆయ్."

"ఆయ్ అంటే అవునా, కాదా?"

"అవునండి బాబూ."

ఆనాటి నుంచి నేనాయనకు మేస్త్రిని, ఆయన నాకు మాస్టారు. కాలేజీ పిల్లలు మాత్రం కాప్టెన్ అని పిలిచేవారు. అక్కడ కోచ్‌ని అలాగే అంటారు.

మాస్టారిది సికింద్రాబాద్. కుర్రతనంలో అక్కడి టీముల్లో ఆడి, తర్వాత కువైట్ వచ్చి ఈ కాలేజీలో కోచ్ అయ్యారు. ఇరాక్ సైన్యం వచ్చి పడ్డప్పుడు భార్యతో కలిసి బస్సుల్లో ఎడారి దాటి అమ్మాన్ చేరి, అక్కణ్ణించి విమానంలో ఇంటికి వెళ్ళారు. యుద్ధం అయ్యాక కాలేజీవాళ్ళు పిలిస్తే ఆయన ఒక్కరే తిరిగొచ్చారు. ఆవిడ రానన్నారు. ఆ దారి మళ్ళీ కళ్ళజూడనని, రెండేళ్ళు ఉండి వచ్చెయ్యమని చెప్పి పంపారట. ఆయన సరేనన్నారట. ఈ రెండేళ్ళ మాట దగ్గరే ఈ కథంతా ఉంది.

యుద్ధంలో కాలేజీని ఉన్నదున్నట్టు ఎత్తుకుపోయారు. బంతులు, వలలు, కుర్చీలు, ఆఖరికి కొళాయిలు కూడా వదల్లేదు. గ్రౌండులో మిగిలినవి రెండు గోల్ పోస్టులు. అందులో ఒకటి వంగింది. గీతలు మళ్ళీ గియ్యాలి. నా పెట్టెలో యాభై అడుగుల గుడ్డ టేపు ఉంది, తెస్తానంటే మాస్టారు వద్దన్నారు.

"సున్నం బకెట్ పట్టుకొని నా ఎంట రా."

గోల్ గీత మధ్యలో, పోస్టులకు వీపు పెట్టి నిలబడి నడవడం మొదలుపెట్టారు. పన్నెండు అంగలు. పన్నెండో అంగ దగ్గర మడమతో ఇసకలో చిన్న గుంట పెట్టి, సున్నం పొయ్యమన్నారు. అది పెనాల్టీ కొట్టే చోటు. మళ్ళీ వెనక్కి వచ్చి పోస్టుకి అటు పద్దెనిమిది, ఇటు పద్దెనిమిది, ముందుకు పద్దెనిమిది. అది గోల్ ముందరి పెద్ద పెట్టె. ఆరేసి అంగలతో చిన్న పెట్టె. గ్రౌండు నడిమధ్య నుంచి పదేసి అంగలతో గుండ్రం. ఆటంతా గజాల్లోనే ఉందని నాకప్పుడు తెలిసింది. చిన్నప్పుడు వాళ్ళ గురువు గజానికో మేకు పాతి, మేకు నుంచి మేకుకి ఆరు నెలలు నడిపించాడట. కాలికి అలవాటైపోయింది.

నేను నమ్మలేదు. తాపీవాడు అంత తేలిగ్గా ఎవర్నీ నమ్మడు. మర్నాడు ఎండ నడినెత్తిన ఉండగా, ఎవరూ లేనప్పుడు నా టేపు తీసుకెళ్ళి కొలిచాను. ముప్పై ఆరు అడుగులకు అంగుళం తేడా వచ్చింది. ఆ అంగుళం కూడా నా టేపుదే అయ్యుంటుంది, పాతది, సాగిపోయింది. ఆ రోజు నుంచి ఆయన నడవడం, నేను సున్నం పొయ్యడం. గ్రౌండు నాలుగు మూలలా మాత్రం ఇనుప కమ్ములు పాతి సిమెంటు వేశాను, మేస్త్రినన్న గుర్తుకి అదైనా ఉండాలిగా. మిగతా గీతలన్నీ ఆయన కాలివే. కువైట్ గాలికి ఆ గీతలంటే ఏం పగో, వారానికి రెండుసార్లు తుడిచేసేది. మేం మళ్ళీ గీసేవాళ్ళం. మా ఇంటి ముందు మా అమ్మ కూడా అన్ని ముగ్గులు పెట్టి ఉండదు.

కంపెనీవాడితో మాట్లాడి నన్ను గ్రౌండుకే ఉంచేశారు మాస్టారు. నా చీపురు పోయింది. ఆ మేలు నేను మర్చిపోలేదు.

రెండేళ్ళు నాలుగయ్యాయి, నాలుగు ఎనిమిదయ్యాయి. ప్రతి వేసవి సెలవులకీ ఆయన సికింద్రాబాద్ వెళ్ళేవారు. ప్రతిసారీ ఇదే ఆఖరి ఏడాదని ఆవిడకు చెప్పి వచ్చేవారు. వచ్చాక సెప్టెంబరులో కొత్త పిల్లలు చేరేవారు. వాళ్ళలో ఒకడి ఎడమకాలు బాగుండేది. వీణ్ణి తయారుచేసి పోతానయ్యా అనేవారు. వాడు తయారై చదువు పూర్తిచేసి వెళ్ళిపోయేసరికి ఇంకో ఎడమకాలు వచ్చేది. లోకంలో ఎడమకాళ్ళకు లోటు లేదు కదా.

అరవై దాటాక సంగతి మారింది. మా కాలేజీలో ఆ వయసు దాటిన బయటిదేశంవాళ్ళకు ఏటికేడు పొడిగింపు కాగితం కావాలి. ఆ కాగితం లేకపోతే ఉద్యోగం ఖలాస్, ఉద్యోగం పోతే ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, ఖలాస్, ఇఖామా పోతే దేశమే ఖలాస్. మన ఊళ్ళో రిటైరైనవాడు అదే వీధిలో పేపరు చదువుకుంటూ కూర్చోవచ్చు. కువైట్‌లో రిటైరైనవాడు విమానం ఎక్కాలి. కాగితం మీద సంతకం పెట్టాల్సిన క్రీడల డైరెక్టరు కువైటీ, ఒకప్పుడు మాస్టారి దగ్గరే గోల్‌కీపర్. పాపం, ప్రతి మార్చిలోనూ ఇక చాలనే మాట చెప్దామని గ్రౌండుకి వచ్చేవాడు. మాస్టారు ఈల వేస్తూ పిల్లల వెంట తిరుగుతుంటే కాసేపు చూసి, ఇంకొక్క సంవత్సరం కాప్టెన్ అని చెప్పి వెళ్ళిపోయేవాడు.

సెల్‌ఫోన్లు వచ్చాక మాస్టారి భార్య నాకు ఫోన్ చెయ్యడం మొదలుపెట్టారు. ఏదైనా అవసరం పడితే ఉంటుందని మాస్టారే నా నంబరు ఇచ్చారు. ఆవిడ దాన్ని శుక్రవారం శుక్రవారం వాడుకునేవారు.

"ఆయన నాకు అన్నీ మంచిగున్నయనే చెప్తడు. నువ్వు నిజం చెప్పు బిడ్డా. మోకాళ్ళు నొస్తున్నయా? నడక ఎట్లుంది?"

"బ్రహ్మాండంగా నడుత్తున్నారండి అమ్మగారూ."

"ఆ నడకకేం తియ్యి. పెండ్లైన కొత్తల నన్ను బజారుకు తీస్కపోయిండు. ఆయన ఒక్క అడుగేస్తే నాకు రెండడుగులు. ఎన్కకు చూసుడు లేదు. చీర పట్టుకొని ఉరుకుడే ఉరుకుడు. ఇయ్యాల్టికి నేను ఆ మనిషి పక్కన నడవలే, ఎన్కనే నడిచిన."

ఆవిడ నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. మొదట్లో నేను చెప్పినది నిజమే.

తర్వాత ఒక ఏడాది, జహ్రాలో మ్యాచ్ ఆడటానికి మా టీము వెళ్ళింది. సమానం వచ్చి పెనాల్టీల దాకా పోయింది. మావాళ్ళు ఐదు కొడితే మూడు తప్పాయి. వాటిలో రెండు గోల్‌కీపర్ చేతికే నెమ్మదిగా వెళ్ళాయి. బస్సులో మాస్టారు తల పట్టుకు కూర్చున్నారు.

"మన గ్రౌండుల పదికి పది కొడ్తరు. బయటికి పోతే ఏమైతున్నదయ్యా వీళ్ళకు?"

ఆ మాట చెవిలో పడగానే నాకు మా గ్రౌండు గీతలు కళ్ళ ముందు మెదిలాయి. ఎందుకంటే కొన్నాళ్ళుగా పెనాల్టీ చోటు చూస్తుంటే నా కంటికి ఎక్కడో తేడాగా అనిపిస్తోంది. కట్టిన గోడ అంగుళం ఒరిగితే పది గజాల దూరం నుంచి చెప్పే కన్ను నాది. కానీ మాస్టారి కాలు తప్పుతుందన్న ఊహ నాకు రాలేదు, రానివ్వలేదు. మర్నాడు మధ్యాహ్నం టేపు పట్టాను. ముప్పై ఆరు అడుగులు ఉండాల్సిన చోట ముప్పై రెండున్నర ఉంది.

ఇంకోసారి కొలిచాను. టేపు అటుది ఇటు తిప్పి కొలిచాను. ముప్పై రెండున్నరే. పద్దెనిమిది అంగల పెట్టె ఇంకా చిక్కిపోయింది. ఏడాదికి కొంచెం కొంచెం చొప్పున మాస్టారి అంగ తగ్గింది, ఆయనతో పాటే మా గ్రౌండు కూడా. పిల్లలు మూడున్నర అడుగులు ముందుకు జరిగిన చోటు నుంచి కొట్టడం అలవాటు చేసుకుని బయట ఓడిపోతున్నారు. ఎండలో ఆ టేపు చుట్టుకుంటూ ఏడ్చాను. ఎవరైనా చూస్తే కంట్లో సున్నం పడిందని చెప్దామనుకున్నాను గానీ, ఎవరూ చూడలేదు.

చెప్పి ఉండాల్సింది. ఇప్పుడంటున్నాను. అప్పుడు నాకు తట్టింది ఒకటే. ఈ మాట చెబితే ఆయన మర్నాడే కాగితం రాసిచ్చి వెళ్ళిపోతారు. ఆయన పోతే నన్ను మళ్ళీ చీపురుకి పంపుతారన్న భయం కూడా ఉంది, లేదని బొంకను. అందుకని ఆయన పక్కన నుంచి తప్పుకోకుండా ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఆయన ఎప్పట్లాగే అంగలేసి మడమతో గుంట పెడతారు. నేను అక్కడ చారెడు సున్నం వేస్తాను. నాలుగున్నరకు ఆయన పాలు లేని టీ తాగడానికి లోపలికి వెళ్తారు. ఆ పావుగంటలో టేపు తీసి, ఆ సున్నాన్ని ఇసకలో కలిపేసి, అసలు కొలత మీద గీత గీసేస్తాను. ఆయన వచ్చి చూసి సక్కగున్నదయ్యా అంటారు. ఆ పొగడ్త మింగడం నాకు కష్టంగా ఉండేది, అయినా మింగేవాణ్ణి.

ఇలా నాలుగేళ్ళు గడిచాయి.

నాకొక్కడికే తెలుసనుకున్నాను. ఒకరోజు పక్క నుంచి చూస్తున్నాను. ప్రాక్టీసులో ఫ్రీ కిక్ కోసం బంతి పెట్టి, ఎదర అడ్డుగోడలా నిలబడే పిల్లల్ని పది గజాల దూరంలో నిలబెట్టాలి. మాస్టారు పది అంగలు నడిచి, ఇక్కడ నిలబడండి అని చెయ్యి చూపించి వెనక్కి తిరిగారు. ఆయన తిరగగానే ఆ నలుగురు పిల్లలూ, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ఒక్క అడుగు వెనక్కి వేశారు. ఎవరు నేర్పారో తెలీదు. ముందటేడు పిల్లలు ఈ ఏడు పిల్లలకు చెప్పి వెళ్ళి ఉంటారు. అరబ్బు పిల్లలకు అల్లరి తప్ప ఏమీ తెలీదని అంతకు ముందు ఎన్నోసార్లు విసుక్కున్నాను. ఆ రోజుతో ఆ మాట మానేశాను.

నా భార్య అప్పటికి మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరింది. ఆ ఇంటి యజమానురాలు, అక్కడ మామా అంటారు, దయగలదే, పదిహేను రోజులకో శుక్రవారం సెలవిచ్చేది. ఒకే ఊళ్ళో ఉండి పదిహేను రోజులకోసారి చూసుకునే మొగుడూ పెళ్ళాలం. ఒక శుక్రవారం తను నా పక్కన కూర్చుని ఉండగా మాస్టారి భార్య ఫోన్ వచ్చింది. ఎప్పట్లాగే నడక బ్రహ్మాండం అని చెప్పి పెట్టేశాను. మా ఆవిడ నా మొహంలోకి చూసింది.

"ఎందుకంత పచ్చబద్ధం ఆడేవు?"

"మాస్టారు బాధపడతారే."

"ఆయన బాధ చూత్తన్నావు. ఆవిడది ఎవరు చూత్తారు? పదిహేను రోజులకే నాకు పేణం కొట్టుకుపోద్ది. ఆవిడ ఎన్నేళ్ళు గుమ్మంలో కూకుంటాది?"

నీకు తెలీదులే అన్నాను. మనకు తెలిసిన నిజమే ఎదుటివాళ్ళు చెప్పినప్పుడు మనిషి నోటికి ఆ ముక్క వస్తుంది. తను ఆ సాయంత్రం నాతో సరిగ్గా మాట్లాడకుండానే మిష్రిఫ్ బస్సెక్కింది.

ఆ నాలుగో ఏడు ఫిబ్రవరిలో మా అక్క కూతురి పెళ్ళి కుదిరింది. పిల్లను బుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరకు మొయ్యాల్సింది మేనమామ. ఆ పిల్లకు నేనొక్కణ్ణే మేనమామని. నా బదులు ఇంకొకడు మోస్తే మా అక్క జన్మలో నా మొహం చూడదు. పది రోజులు సెలవు పెట్టాను. నా పని మా కంపెనీలోనే మొక్కలకు నీళ్ళు పెట్టే కడప మనిషికి అప్పగించాను. సున్నం ఎక్కడుందో, మూలల్లో కమ్ములు ఎక్కడున్నాయో అన్నీ చూపించాను. టేపు సంగతి మాత్రం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ పది రోజుల్లో మ్యాచ్ లేదు కదా, ఒకడి చెవిన వేస్తే పదిమందికి పాకుతుంది కదా అనుకున్నాను. పిల్లను మోశాను. నడుం పట్టేసింది. పూతరేకులు కట్టించుకుని సంతోషంగా తిరిగొచ్చాను.

కడప మనిషి నన్ను గేటు దగ్గరే పట్టుకున్నాడు.

"అన్నా, నా తప్పేం ల్యా. ఆయప్ప మడమ పెట్టినకాడే నేను సున్నం పోసినా. రవ్వ గూడా జరపలే."

అదే తప్పు నాయనా అని నాకు అరవాలనిపించింది. జరిగింది వాడు చెప్పాడు. దుమ్ము తుఫాను వస్తుందని, నేను తిరిగొచ్చాక జరగాల్సిన మ్యాచ్‌ని ముందే పెట్టేశారు. ఆట మధ్యలో అవతలి టీము గోల్‌కీపర్‌కి అనుమానం వచ్చి, పెనాల్టీ చోటు దగ్గరగా ఉందని గొడవపెట్టాడు. రిఫరీ టేపు తెప్పించాడు. రెండు టీములూ, డైరెక్టరూ, చూడటానికి వచ్చినవాళ్ళూ అందరి ఎదురుగా కొలిచాడు. అయిదడుగులు తక్కువ.

"మాస్టారు ఏమన్నారు?"

"ఏమీ అన్లేదన్నా. టేపు ఆయనే తీసుకోని, వంగి ఇంగోసారి కొల్చినాడు. గీతలన్నీ మల్లా గీపించినాడు. ఆట అయిపోయినంక నన్ను పిల్చి, ఇన్ని దినాలు మేస్త్రి ఎట్ల గీస్తాండె అని అడిగినాడు. నాకేం తెల్సు సార్ అంటి. అంతే, ఆ బల్ల మీద కూర్చున్యాడు. పొద్దు మునిగేదాకా లేచలే."

పూతరేకుల డబ్బా పట్టుకుని గ్రౌండుకి వెళ్ళాను. మాస్టారు గోల్ గీత మీద నిలబడి ఉన్నారు. డబ్బా వైపు చూడలేదు.

"టేపు తీస్కరా, మేస్త్రీ."

తెచ్చాను. గోల్ గీత నుంచి ముప్పై ఆరు అడుగులు పరవమన్నారు. పరిచాను. ఆ టేపు పక్కన ఆయన నడిచారు. ఒకటి, రెండు అని పైకే లెక్కపెట్టారు. చివరి మూడు అంగలూ బలవంతాన సాగదీశారని నాకు తెలిసింది. అయినా పన్నెండో అంగ టేపు చివరికి చాలా ఇవతలే పడింది. అక్కడే ఆగి కిందికి చూశారు.

"ఎన్నేండ్ల సంది జరుపుతున్నవ్?"

"నాలుగేళ్ళండి."

"పిల్లలకు ఎర్కనా?"

"ఆయ్."

"డైరెక్టర్‌కు?"

"ఆయనా మీ దగ్గర ఆడినోరేగండి."

వంగి టేపు కొస చేతిలోకి తీసుకున్నారు. తర్వాత మెల్లగా అడిగారు.

"ఇంట్ల ఆమెకు?"

"తెలీదండి. అమ్మగారు ప్రతి శుక్రారం అడిగేవారండి. మీరు బానే నడుత్తున్నారని చెప్పేవోణ్ణండి."

అప్పుడు కోపం వచ్చింది ఆయనకు. పదహారేళ్ళలో నా మీద గొంతెత్తింది అదొక్కసారే.

"నాతోని ఆడుకున్నవ్, ఆడుకో. ఆమెతోని గూడ ఆడుకున్నవా? ఎవ్వలిచ్చిన్రు నీకా హక్కు?"

ప్రేమతో చేశాను అని ఎలా చెప్పను? మగాడు మగాడితో అనే మాట కాదు కదా, మా వైపు అసలు కాదు. డబ్బా బల్ల మీద పెట్టి వచ్చేశాను.

వారం రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. గీతలు నేను టేపుతో పట్టపగలే, అందరి ముందూ గీశాను. ఆయన గుంట పెట్టడానికి రాలేదు. ఎనిమిదో రోజున వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చున్నారు. పూతరేకులు బాగున్నాయన్నారు. తర్వాత చెప్పారు, ఇక వెళ్ళిపోతున్నానని డైరెక్టరుకి కాగితం ఇచ్చి వచ్చానని.

"ఏమన్నారండి?"

"ఏడ్చిండయ్యా. అంతటి మనిషి కుర్చీల కూసోని ఏడ్చిండు. ప్రతి మార్చిల చెప్దామనుకున్నడంట."

"మీరు వెళ్ళాల్సిన పని లేదండి. టేపుతో గీసుకుందారి."

"టేపు కోసం పోతలే." మెడలోని ఈల తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "భయమైంది మేస్త్రీ. ఈడ ఈలేస్తే ఇరవై మంది ఆగుతరు. ఇంటికి పోతే నేనెవర్ని? పదహారేండ్లు ఆమెను కూసోబెట్టిన. గడప దాటంగనే ఆమె మొకం ఎట్ల చూడాలె? అందుకే ఏడాదికో ఎడమకాలు ఎతుక్కున్న. నువ్వేం దాచలే. నేనే దాస్కున్న."

ఆ సాయంత్రం మేమిద్దరం ఒకే ఫ్లాస్కు టీ తాగాం. వీడ్కోలు సభ పెడతామంటే ఆయన ఒప్పుకోలేదు. ఆఖరి రోజు ప్రాక్టీసు అయ్యాక నన్ను గోల్ గీత మీద నిలబెట్టి నడవమన్నారు. ఆయన పక్కన నిలబడి, కొంచెం సాగదీయ్, ఇంకొంచెం అంటూ నాకు గజం అంగ నేర్పబోయారు. టేపు ఉండగా ఇదంతా ఎందుకండి అన్నాను.

"టేపు పోతదయ్యా, కాలు పోదు" అన్నారు. అనేసి తనే ఆగి, తన మోకాలు వైపు చూసుకుని పెద్దగా నవ్వారు. "కాలు గూడ పోతది, తియ్యి."

మర్నాడు విమానాశ్రయంలో నన్ను కావలించుకున్నారు. నేనే సిగ్గుపడ్డాను.

రెండేళ్ళ తర్వాత నేను సెలవుకి హైదరాబాదులో దిగి, రాత్రి రైలుకి రాజమండ్రి వెళ్ళాల్సి ఉండగా, పగలంతా సికింద్రాబాద్‌లో వాళ్ళింట్లో ఉన్నాను. నన్ను చీపురుకి పంపలేదు, కొత్త కోచ్ వచ్చాక కూడా గ్రౌండే ఇచ్చారు. నేను పడ్డ భయమంతా దండగే. మాస్టారు కొంచెం వంగారు, లావయ్యారు. పక్క వీధి స్కూలు పిల్లలకు ఆదివారాలు ఆట నేర్పుతున్నారట, కుర్చీలో కూర్చుని.

ఆవిడను చూడటం నాకదే మొదటిసారి. అన్నేళ్ళు గొంతు మాత్రమే తెలుసు. చిన్నగా, బక్కగా ఉన్నారు. ఆవిడ అన్నం వడ్డిస్తుంటే ముద్ద కలపకుండా ఆగాను. చెప్పేశాను. అమ్మగారూ, నేను మీకు నాలుగేళ్ళు అబద్ధం చెప్పానండి, ఆయన నడక తగ్గిపోయిందని తెలిసే చెప్పలేదండి అన్నాను.

"ఆయన చెప్పిండు బిడ్డా." ఆవిడ గరిటె ఆపలేదు. "రోజూ నువ్వు జరిపిన సున్నంల నావి నాలుగేండ్లు పోయినయ్."

గొంతులో కోపం లేదు. అందుకే ఎక్కువ తగిలింది. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

"వాణ్ణెందుకంటవే. పదహారుల పన్నెండు నావే. వానివి నాలుగే."

"మీ లెక్కలు మీరు మీరు చూస్కోండ్రి. ఈడ ఒక్కదాన్ని కూసున్నది నేను" అని, నా విస్తట్లో ఇంకో గరిటెడు పప్పు వేసి, తిను బిడ్డా, రైలుకు టైముంది అన్నారు.

సాయంత్రం బస్సు స్టాపు దాకా ఇద్దరూ వస్తామన్నారు. రోజూ ఆ వేళకి ఎలాగూ నడుస్తారట. గేటు దాటాక ఆవిడ వెనక్కి తిరిగి నాతో చెప్పారు.

"ఇప్పుడు చూడు బిడ్డా. పెండ్లై నలభై ఏండ్లకు ఆయన పక్కన నడుస్తున్న. ఉరుకుడు లేదు."

వాళ్ళు ముందు, నేను వెనక. అలవాటు పోక లెక్కపెట్టాను. ఆయన అంగ ఇప్పుడు రెండడుగులు, మహా అయితే ఇంకో నాలుగంగుళాలు. ఆవిడదీ అంతే. సందు చివరిదాకా ఇద్దరి పాదాలూ ఒకేసారి పడ్డాయి. ఇలాంటి సాయంత్రాలు నాలుగేళ్ళకు ఎన్ని అవుతాయో లెక్కకట్టబోయి, కట్టలేక మానేశాను. నా మామూలు నడక నడిస్తే వాళ్ళను దాటిపోతాను. ఆగి ఆగి నడిచాను. దూరం నుంచి నా బస్సు రావడం, ఆగడం, వెళ్ళిపోవడం కనిపించింది. పరిగెడితే అందేదే. తర్వాతి బస్సుకి వెళ్ళాను.